అన్న వేషం

ఆర్లో విటెక్ తెర మీద చచ్చినన్ని చావులు మా ఇసుక గుట్టల సీమలో మరెవరూ చావలేదు. సారా కొట్టులో తూటా తగిలి చచ్చాడు. గుర్రం మీంచి పడి చచ్చాడు. ఒక బొమ్మలోనైతే పేర్లు పడటం పూర్తికాకముందే కొండ మలుపులో చచ్చి ఊరుకున్నాడు. టోలివర్‌లో ఊరి సినిమా హాలు చూసుకునే వెల్డా, అతని బొమ్మ వచ్చిన ప్రతిసారీ, త్వరగా లోపలికి నడవండి, ఆలస్యమైతే ఆర్లో పోతాడు అని జనాన్ని తోలేది. జనం నవ్వుకుంటూ వెళ్లి కూర్చుని, అతను పడిపోగానే చప్పట్లు కొట్టేవాళ్లు. ఎంతైనా మావాడు. ఈ బీళ్లలో పుట్టి, గాలిమరల కింద నీళ్లతొట్లలో ఈతలు కొట్టి, ఇరవై ఏళ్లకు తండ్రితో గొడవపడి కాలిఫోర్నియా బస్సెక్కినవాడు.

అక్కడికెళ్లి ఏం వెలగబెట్టాడు అంటే, యాభై ఏళ్లు హీరోల వెనక నిలబడ్డాడు. ఇద్దరు పెళ్లాలు వచ్చారు, ఇద్దరూ పోయారు. పిల్లల్లేరు. డెబ్బై దాటాక అతనికి మిగిలింది చాకలి దుకాణం పైన ఒక అద్దె గది, ఎప్పుడాగుతుందో తెలియని గుండె, ఫోను మోగుతుందేమోనని దాని పక్కనే కూర్చునే అలవాటు.

ఒకరోజు ఆ ఫోను నిజంగానే మోగింది. పెళ్లాం పోయి, నోటిదురుసు తప్ప ఇంకేమీ మిగలని ఒక ముసలి పశువుల ఆసామి కథట. ముందు అనుకున్న పెద్ద నటుడు మంచం పట్టాడు. ఎవరికో ఆర్లో పేరు తట్టింది. మొదటిసారి బొమ్మ చివరిదాకా బతికుండే వేషం. ఆర్లో ఆ ఫోను పెట్టేసి, వెంటనే మళ్లీ ఎత్తి అన్నకి చేశాడు.

అన్న పేరు ఎమిల్. తండ్రి వదిలిన మందను, గడ్డి బీళ్లను ఒంటిచేత్తో లాక్కొచ్చిన మనిషి. భార్య లిబ్బీ పోయి పన్నెండేళ్లు. కుడి మోకాలు ఏనాడో ఆవు తన్నితే పాడైంది. నోరు తెరిస్తే తిట్టు, మూస్తే దగ్గు. అతని తిట్లు తినని మనిషి చుట్టుపక్కల లేడు, తిన్నందుకు బాధపడినవాడూ లేడు. మావైపు ఒకడు మిమ్మల్ని తిడుతున్నాడంటే ఇంటివాళ్లలో కలిపేసుకున్నాడన్నమాట. రండి, కూర్చోండి, కాఫీ తీసుకుంటారా అన్నాడంటే మీరు పరాయివాళ్లు, ఎప్పుడు లేచి వెళ్తారా అని చూస్తున్నాడు.

చేతికి అలవాటు తప్పిపోయింది, ఓ నెల వచ్చి పశువుల్లో తిరుగుతానని ఆర్లో అడిగాడు. దూరపు ఫోనుకయ్యే ఖర్చంతా ఎమిల్ దగ్గుకే సరిపోయింది. చివరికి, రా, తిండికి వంకలు పెట్టావంటే మాత్రం పశువులపాకలో పడుకోబెడతాను అని ఠక్కున పెట్టేశాడు.

టోలివర్‌లో బస్సు దిగిన తమ్ముణ్ని ఎమిల్ పైనుంచి కిందికి ఒకసారి చూసి, సంచీ తీసి బండి వెనక పడేశాడు. కబుర్లేం లేవు. రోడ్డు వదిలి బీళ్లలోకి తిరిగాక మొదటి గేటు వచ్చింది. గేటంటే నాలుగు ముళ్లతీగలు, మూడు కర్రలు, చివర్న ఒక తీగ ఉచ్చు. ఇంటికి చేరేలోపు అలాంటివి మూడున్నాయి. ఎమిల్ బండి ఆపి ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. ఆర్లో కూడా గుట్టల్ని చూసి మురిసిపోతూ కూర్చున్నాడు.

"ఏరా, చేతులు పడిపోయాయా? దిగు. మన అయ్య వచ్చి తీస్తాడనుకున్నావా?"

ఆర్లోకి అప్పుడు గుర్తొచ్చింది. తోలేవాడి పక్కన ఎవరు కూర్చుంటే గేటు వాళ్లు తీయాలి. అది పసివాడికీ తప్పదు, డెబ్బై రెండేళ్ల ముసలాడికీ తప్పదు. మతగురువు, బీమా కంపెనీ మనిషి, ఇలాంటి చుట్టపుచూపు వాళ్లని మాత్రమే కూర్చోబెట్టి తోలేవాడు తను దిగుతాడు. ఆర్లో గబగబా దిగి చివరి కర్రను భుజానికి ఆనించి ఉచ్చు తీయబోతే వేలు చీరుకుంది. బండిలోంచి ఎమిల్ తిట్లు వినబడుతూనే ఉన్నాయి. ఆర్లో చీరుకున్న వేలు నోట్లో పెట్టుకుని నవ్వాడు. యాభై ఏళ్లలో ఎవరూ అతన్ని అంత సొంతంగా తిట్టలేదు.

ఆ నెలంతా అతను అన్న వెనకాలే తిరిగాడు. మోకాలు విదిలించి అడుగేయడం, మాట మొదలుపెట్టేముందు దగ్గడం, ఏ పని అయినా అయ్యాక బండి మూతని అరచేత్తో రెండుసార్లు చరచడం, ఎవరేం అడిగినా "హూ, చూద్దాం" అనడం, అన్నీ పట్టేశాడు. ఒకరోజు పొయ్యి దగ్గర ఎమిల్ తల తిప్పి చూస్తే వెనక ఇంకో ఎమిల్ నిలబడి ఉన్నాడు. ఆ వంకర నడక నాదేనా, దరిద్రంగా ఉంది, సినిమా వాళ్లు దీనికి కూడా జీతమిస్తారా అని ఎమిల్ గొణిగాడు. కానీ ఆ సాయంత్రం తమ్ముడు చూస్తున్నాడని తెలిసి మోకాలు కొంచెం ఎక్కువే విదిలించాడు.

దూడలకు ముద్రలు కాల్చే రోజున చుట్టుపక్కల వాళ్లంతా వచ్చారు. ఆ రోజు ఎవరి చేతికి ఏ పని ఇవ్వాలన్నది ఆసామి ఇష్టం, అడిగి తీసుకునేది కాదు. ఎమిల్ తాడు ఒకరికిచ్చాడు, సూది ఇంకొకరికిచ్చాడు. కొలిమిలోంచి ఎర్రగా కాలిన ముద్ర ఇనుము తీసి, జనంలో వెనగ్గా నిలబడ్డ తమ్ముడి ముందు పెట్టాడు. వాళ్ల నాన్న ముద్ర అది. ఇల్లు వదిలి వెళ్లాక ఆర్లో ఎప్పుడూ పట్టుకోనిది. వెల్డాతో సహా అక్కడున్న అందరూ ఆ ఇనుము ఎవరి చేతికి వెళ్లిందో చూశారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మాంసం కోసుకుంటూ, పళ్లెంలోంచి తల ఎత్తకుండా ఎమిల్ చెప్పాడు. జీతగాడు ఉండే చిన్నిల్లు ఖాళీగానే ఉంది. పొయ్యి కొంచెం పొగ వస్తుంది గాని కప్పు గట్టిది.

"నాకెవడి సాయం అక్కర్లేదు. గేట్లు తీయడానికి ఓ మనిషుంటే మోకాలికి కాస్త సుఖం, అంతే. నీ గంతులు అయిపోయాక వస్తే రా."

ఆర్లో సరే అని, ఇంకో ముక్క మాంసం వేసుకున్నాడు. చాకలి దుకాణం పైన, ఆ ఆవిరి వాసనలో, పక్కగదివాడికి కూడా తెలియకుండా పోతానేమోనని రెండేళ్లుగా అతనికి నిద్రలేదు. ఇప్పుడు చావడానికి ఒక చోటు దొరికింది, అదీ పుట్టిన చోటు. సినిమా కంటే ఆ చిన్నిల్లే పెద్దదైపోయింది అతనికి.

షూటింగు వేరే రాష్ట్రంలో, మావాటిలాంటి బీళ్లలోనే జరిగింది. అంతా నల్లేరు మీద నడకలా సాగిపోయింది, ఒక్క చోట తప్ప. భార్యను పాతిపెట్టి వచ్చిన ఆసామి ఒంటరిగా ఏడవాలి. కాగితంలో ఏడుస్తాడు అని ఒక్క మాటే ఉంది. ఆర్లో ఏడ్చాడు. దర్శకుడు బాగానే ఉందన్నాడు. ఆ బాగానే ఉందికి అర్థం ఆర్లోకి తెలుసు. మళ్లీ చేశాడు. మళ్లీ బాగానే ఉందన్నాడు. ఇది చెడితే ఇంకో వేషం రాదు, ఇంకో బొమ్మ వచ్చేదాకా తను ఉండడు.

అప్పుడతనికి గాలిమర గుర్తొచ్చింది.

లిబ్బీ పోయినప్పుడు ఆర్లో వచ్చి వారం ఉన్నాడు. ఖననమైన మర్నాడు ఎమిల్ కనపడకపోతే, పాత బండి వేసుకుని వెతుకుతూ దూరపు గుట్ట ఎక్కాడు. కింద గాలిమర దగ్గర నీళ్లతొట్టి అంచు పట్టుకుని ఎమిల్ మోకాళ్ల మీద ఉన్నాడు. నోట్లో టోపీ కుక్కుకుని, అది కొరుకుతూ ఏడుస్తున్నాడు. చుట్టూ క్రోసుల దూరం మనిషి లేడు, అయినా చప్పుడు బయటికి రాకూడదని టోపీ కుక్కుకున్నాడు. చాలాసేపటికి లేచి, తొట్టి నీళ్లతో మొహం కడుక్కుని, తడి చేత్తో జుట్టు సవరించుకుని, పళ్లగాట్లు పడ్డ ఆ టోపీ పెట్టుకున్నాడు. తొట్టి కారుతోందేమో చూడటానికి వచ్చినవాడిలా దాన్ని కాలితో ఒకసారి తన్ని వెళ్లిపోయాడు.

మా సీమలో మగవాడికి ఏడవాలనిపిస్తే దూరపు బీడుకు పోతాడు. గుట్ట ఎక్కినవాళ్ల కంట అది పడితే, వాళ్లు చేసే పని ఒక్కటే. ఇంజను ఆపేసి, చప్పుడు కాకుండా బండిని వెనక్కి పల్లంలోకి దొర్లించుకుని పోతారు. తర్వాత పెళ్లానికి కూడా చెప్పరు. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, అందరికీ తెలుసు. ఆ రోజు ఆర్లో కూడా ఇంజను ఆపాడు. అంతవరకు రక్తం గుర్తుపెట్టుకుంది. కాలు మాత్రం బ్రేకు మీంచి తీయలేదు. చివరిదాకా చూశాడు. జాలితో చూశాడు, అన్న మీద ప్రేమతో చూశాడు, నటుడు కాబట్టి కూడా చూశాడు. పాపిష్ఠి కళ్లు, ఏం చేస్తాం.

దర్శకుణ్ని అడిగి కెమెరాను గాలిమర దగ్గరికి మార్పించాడు. టోపీ నోట్లో కుక్కుకున్నాడు. అయిపోయాక అక్కడ ఎవరూ కదల్లేదు. దీపాలు పట్టుకునే వాళ్లు ముక్కులు చీదుకుంటున్నారు. దర్శకుడు వచ్చి వాటేసుకున్నాడు. ఇన్నేళ్లకు ఒక నిజమైన పని చేశానని, అన్నకు గుడి కట్టినంత పని చేశానని ఆర్లో పొంగిపోయాడు. అన్న ఏమంటాడో అన్న సంగతి అతనికి తట్టనే లేదు. తట్టినా ఆ ఆనందంలో పక్కకు తోసేసి ఉండేవాడు.

బొమ్మ టోలివర్‌కు వచ్చేసరికి ఎండాకాలం. ఆర్లో అద్దె గది ఖాళీ చేసేసి, ఉన్న రెండు పెట్టెలతో వచ్చేశాడు. ఎమిల్ తిడుతూనే ఆ పెట్టెలు చిన్నింట్లో పెట్టించి, పొయ్యిగొట్టం కూడా బాగుచేయించాడు. ఆదివారం మధ్యాహ్నం ఆట. గడ్డికోత ఆపుకుని మరీ సీమంతా వచ్చింది. ఎమిల్ ఉతికిన చొక్కా వేసుకుని, మంచి టోపీ ఒళ్లో పెట్టుకుని తమ్ముడి పక్కన కూర్చున్నాడు. ఈసారి ఆలస్యంగా వచ్చినా పర్లేదు, వీడు చావడట అని వెల్డా గుమ్మంలో అందరికీ చెబుతోంది.

తెర మీద ఆర్లో మోకాలు విదిలించి మొదటి అడుగు వేయగానే హాలంతా గొల్లుమంది. దగ్గాడు, మళ్లీ గొల్లుమంది. బండి మూత చరిచేసరికి పడీపడీ నవ్వారు. వెనక వరసలో గస్ హార్మ్‌సెన్ అని, ముప్పై ఏళ్లుగా ఎమిల్‌తో తిట్ల పోటీ పెట్టుకున్న పక్క బీడు ఆసామి ఉన్నాడు. "ఒరేయ్ ముసలాడా, నీ మొహానికి అద్దె ఇచ్చారా లేదా?" అని అరిచాడు. మూసుకుని చూడు, నీ మొహం ఊరికే ఇస్తానన్నా తీసుకోలేదట అని ఎమిల్ తల తిప్పకుండానే అన్నాడు. చీకట్లో అన్న పెదవి చివర నవ్వు ఆర్లోకి కనబడింది. జన్మకి ఇది చాలనుకున్నాడు.

అప్పుడు గాలిమర వచ్చింది.

ముసలి ఆసామి మోకాళ్ల మీద పడి టోపీ నోట్లో కుక్కుకున్నాడు. హాల్లో నవ్వులు ఆగిపోయాయి. గాలిమర కిర్రుమనే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆర్లో పక్కకు చూశాడు. వరస తర్వాత వరస, తలలన్నీ దించుకుని ఉన్నాయి. ఏడుస్తున్నారు, గెలిచాను అనుకున్నాడు. మరికాస్త చూశాక, ఎవరూ కళ్లు తుడుచుకోవడం లేదని గమనించాడు. గస్ తన టోపీని కళ్ల మీదికి లాక్కుని ఉన్నాడు. ఒక తల్లి పిల్ల మొహాన్ని తన వైపు తిప్పుకుని పట్టుకుంది. గుమ్మంలో వెల్డా గోడవైపు తిరిగి నిలబడింది. ఒక్కరూ తెర చూడటం లేదు. గుట్ట ఎక్కినవాళ్లు ఇంజను ఆపేసి వెనక్కి దొర్లిపోతున్నారు. యాభై ఏళ్ల బతుకులో అతను చేసిన ఒకే ఒక్క గొప్ప పనిని, అది ఎవరి ఏడుపో పోల్చుకున్న వాళ్లెవరూ చూడలేదు.

చూసినవాడు ఒక్కడే. ఎమిల్ వెన్ను నిటారుగా పెట్టి, రెప్ప వాల్చకుండా, తెర మీది మనిషి మొహం కడుక్కుని తొట్టిని తన్ని వెళ్లేదాకా చూశాడు. ఒళ్లోని టోపీని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

ఆట వదిలాక ఎవరూ ఎమిల్ వంక చూడలేదు. బాగుంది ఆర్లో, రంగులు బాగా వచ్చాయి అన్నారు కొందరు. ఈసారి గడ్డి పల్చన అన్నారు ఇంకొందరు. మగవాళ్లందరికీ ఒక్కసారిగా తమ బండి చక్రాలు చూసుకునే పని పడింది. గస్ హార్మ్‌సెన్ దగ్గరికి వచ్చాడు. నోట్లోంచి తిట్టు రాలేదు. టోపీ అంచు ముట్టుకుని, నేల చూస్తూ, "జాగ్రత్తగా వెళ్లండి ఎమిల్ గారూ" అన్నాడు.

ముప్పై ఏళ్లలో ఆ నోట గారు అన్న మాట అదే మొదటిసారి. ఎమిల్ తలాడించి బండెక్కాడు. సొంత సీమలో ఆ ముసలాడు ఆ నిమిషం నుంచి పరాయివాడయ్యాడు, జాలిపడాల్సిన మనిషయ్యాడు. అది చేసింది తమ్ముడు, అదీ ప్రేమతో.

మొదటి గేటు వచ్చింది. బండి ఆగింది. ఆర్లో తలుపు పిడి మీద చెయ్యేశాడు.

"మీరు కూర్చోండి," అన్నాడు ఎమిల్. "నేను తీస్తాను."

తిట్టినట్టుగా కాదు, విసురుగా కాదు, మతగురువుతో మాట్లాడినంత మెత్తగా అన్నాడు. దిగి, మోకాలు ఈడ్చుకుంటూ వెళ్లి, ఉచ్చు తీసి, తీగల్ని పక్కకు లాగాడు. వచ్చి బండి ముందుకు పోనిచ్చాడు. మళ్లీ దిగి వెళ్లి మూసి వచ్చాడు. ఎక్కేటప్పుడు నొప్పికి పళ్లు కరచిపట్టాడు. ఆర్లో చెయ్యి పిడి మీదే ఉండిపోయింది.

రెండో గేటు దగ్గర ఆర్లో ఆగలేకపోయాడు. "అన్నా, తిట్టు నన్ను. నీకు దణ్ణం పెడతా, ఒక్క తిట్టు తిట్టు."

"తిట్టడానికేముందండీ. బాగా చేశారు."

ఆ గేటూ తనే తీసి, తనే మూసి వచ్చాడు. ఈసారి ఇంజను వేయకుండా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఎండిన గుట్టలు తప్ప ఏమీ లేవు.

"ఆ రోజు గుట్ట మీద బండి చప్పుడు విన్నాను," అన్నాడు. "ఇంజను ఆగింది. దొర్లించుకుని వెళ్లిపోయాడు, ఎన్నేళ్లు ఎక్కడ తిరిగినా మావాడేలే అనుకున్నాను. ఆ చిన్నిల్లు అందుకే ఇస్తానన్నాను."

ఇంతకాలం ఎవరో రాసిచ్చిన మాటలు చెప్పిన ఆర్లో, తన మాట అవసరమయ్యేసరికి నీళ్లు నమిలాడు. అన్నా అన్నాడు, అంతే. ఎమిల్ బండి తోలాడు. సాయంత్రానికి వాన రావచ్చేమో అన్నాడు. ఆకాశంలో మబ్బు లేదు.

మూడో గేటు కూడా దాటాక చిన్నిల్లు కనబడింది, బాగుచేసిన పొయ్యిగొట్టంతో. బండి అటు తిరగలేదు. ఇంటివాళ్లూ ఇరుగుపొరుగూ వాడే వంటింటి వైపుకీ పోలేదు. తిన్నగా ముందు వాకిలికి వెళ్లి ఆగింది. ఆ తలుపు చివరిసారి తెరిచింది లిబ్బీ శవపేటిక బయటికి తేవడానికి. మీ పెట్టెలు ఇక్కడికి తెస్తాను, పొద్దున్నే బస్సుంది, రాత్రికి ముందుగదిలో పడుకోండి, దుప్పటి మంచిది వేస్తాను అని ఎమిల్ చెప్పాడు.

తలుపు వాడక లేక బిగిసిపోయింది. ముసలాడు భుజం ఆనించి రెండుసార్లు గట్టిగా తోశాడు. తెరుచుకున్నాక పక్కకు జరిగి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. హాలు చీకట్లో ఎప్పుడు కొరికాడో, ఆ మంచి టోపీ అంచున పళ్లగాట్లు కొత్తగా ఉన్నాయి.

"రండి," అన్నాడు. "లోపలికి రండి."